కాగితం మీది ఊరు, కళ్ల ముందున్న ఊరు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సొంత ఊరి విస్తీర్ణం, జనాభా గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఎవరి ఊరు వాళ్లదే అయినా అనుమానం మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. జనాభా లెక్కల పుస్తకంలో ఉన్న ఊరికీ, రోజూ చూస్తున్న ఊరికీ పొంతన కుదరడం లేదు, ఎక్కడో తప్పు రాశారు అంటున్నారు. చాలాసార్లు లెక్క తప్పు కాదండీ, ఏ ఊరిని లెక్కపెట్టారన్నది మనకు తెలియకపోవడం వల్ల వచ్చే చిక్కు అది. కొన్నిసార్లు మాత్రం ఊరికి నిజంగానే అన్యాయం జరుగుతోంది, ఆ సంగతీ కింద రాశాను.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. ఎంత లెక్కపెట్టినా 150 గడపలు దాటవు. 2011 జనాభా లెక్కల్లో మా ఊరి పేరు ఎదురుగా అంతకు మూడింతలకు పైగా ఇళ్లు ఉన్నాయి. మా ఊరు అంత పెద్దదెప్పుడైంది?

జవాబు: మీ ఊరు పెరగలేదు. మీరు ఊరంటున్నదీ, వాళ్లు ఊరంటున్నదీ వేరు. జనాభా లెక్కలవాళ్లకు గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. తహసీల్దారు ఆఫీసులో నక్షా, అంటే ఊరి పటం ఉండి, ఒకటో సర్వే నంబరు నుంచి చివరి నంబరు దాకా ఒకే పొలిమేర లోపల ఉన్న నేల మొత్తం అన్నమాట. ఆ పొలిమేర లోపల జనం ఎన్ని చోట్ల ఇళ్లు కట్టుకుని ఉన్నా, పెద్ద ఊరు, రెండు మైళ్ల అవతల తండా, చెరువు వెనక గూడెం, రోడ్డు మీద కొత్తగా లేచిన కాలనీ, అందరినీ కలిపి ఒకే పేరు కింద వేస్తారు. మీ 150 గడపలు అందులో ఒక భాగం.

ఒక్కసారి మీ ఊరి నక్షా తీసి చూడండి. మధ్యలో ఎక్కడో చిన్న ముక్కగా గ్రామకంఠం కనిపిస్తుంది, అదే మీరు ఊరు అనుకుంటున్న చోటు. మిగతా కాగితమంతా పొలాల గీతలు, చెరువు, వాగు, బండ్లబాట, గుట్ట, పక్క ఊళ్ల పొలిమేరలు కలిసే చోట రాళ్ల గుర్తులు. పొలాలను గజం వదలకుండా కొలిచినవాళ్లు గ్రామకంఠాన్ని మాత్రం చాలా ఊళ్లలో ఒకే నంబరు కింద వదిలేశారు, లోపల ఎవరి ఇల్లు ఎంతవరకో గీత గీయలేదు. అందుకే తరతరాలుగా ఉంటున్న ఇంటికి కూడా పల్లెటూళ్లో సరైన కాగితం ఉండదు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన స్వమిత్వ పథకం కింద డ్రోన్లతో కొలుస్తున్నది ఇలాంటి ఇళ్ల స్థలాలనే.

దీనికి తోడు పంచాయతీ ఒకటుంది. 2018లో తెలంగాణలో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చి 500 పైబడి జనాభా ఉన్న తండాలను, గూడేలను విడి పంచాయతీలు చేశారు. అంతకుముందు ఎనిమిది వేల పైచిలుకు ఉన్న పంచాయతీలు ఒక్కసారిగా 12 వేలు దాటిపోయాయి. మంచి పనే, సొంత సర్పంచిని ఎన్నుకోవాలన్న తండాల పాత కోరిక అది. కానీ పంచాయతీ విడిపోయినంత మాత్రాన రెవెన్యూ గ్రామం విడిపోదు. మీ పక్క తండాకు సర్పంచి, వార్డులు, సెక్రటరీ అన్నీ వేరుగా ఉన్నా, పొలం పాస్‌బుక్కులో గ్రామం పేరు దగ్గర మీ ఊరి పేరే ఉంటుంది. 2011 లెక్కలో తండావాళ్లంతా మీ ఊరి జనాభాలోనే ఉన్నారు. కాబట్టి ఎవరైనా "మీ ఊరి జనాభా ఎంత" అంటే ముందు మీరు అడగాల్సింది, రెవెన్యూ గ్రామానిదా, పంచాయతీదా, మీరుండే చోటుదా అని. మూడింటికీ మూడు జవాబులు.

ఇంకొకటి, అక్కడ ఇళ్లు అని రాసినది కుటుంబాల సంఖ్య. ఒకే కప్పు కింద అన్నదమ్ములిద్దరూ వేరు పొయ్యి పెట్టుకుని ఉంటే రెండు కుటుంబాలుగా రాస్తారు. గడపలు లెక్కపెడితే తేడా రాక తప్పదు.

ప్రశ్న: మాది నారాయణపేట వైపు. దసరా పోయిందంటే సగం ఊరు ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు వెళ్తుంది. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. వీళ్లంతా మా ఊరి జనాభాలో ఉన్నట్టా, లేనట్టా?

జవాబు: ఈ ఒక్క ప్రశ్నకే సగం పేజీ ఇవ్వాలనిపించింది.

2011 లెక్కలు రెండు విడతల్లో జరిగాయి. 2010లో ఇళ్ల జాబితా రాశారు. మనుషులను లెక్కపెట్టింది మాత్రం 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. మార్చి 1 మొదటి ఘడియను గీటురాయిగా పెట్టుకుని, ఆ తర్వాత అయిదు రోజులు మళ్లీ తిరిగి పుట్టినవాళ్లను, పోయినవాళ్లను సరిచూశారు. రూలు ఏమిటంటే, ఆ ఇరవై రోజుల్లో కొన్నాళ్లయినా ఇంట్లో ఉన్నవాళ్లను ఆ ఇంట్లో రాస్తారు, ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేనివాళ్లను రాయరు. వాళ్లను ఎక్కడున్నారో అక్కడే లెక్కపెట్టాలి. ఇల్లూవాకిలీ లేకుండా రోడ్ల పక్కన, ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టారు.

ఇప్పుడు మీ ఊరికి ఈ రూలు పెట్టి చూడండి. ఫిబ్రవరి అంటే పాలమూరు వలస నిండుగా ఉండే నెల. వానాకాలం పంట చేతికొచ్చాక బయల్దేరినవాళ్లు ఉగాదికి ముఖం చూపించి మళ్లీ పోతారు, తొలకరికి గానీ అందరూ చేరరు. అంటే మీ ఊరు సంవత్సరంలోకెల్లా పల్చగా ఉన్న రోజుల్లో తలలు లెక్కపెట్టి, ఆ అంకెనే పదేళ్లకు పైగా మీ ఊరి జనాభా అంటున్నారు. కర్ర చేతికొచ్చిన అమ్మమ్మ, ఆమె దగ్గర వదిలి వెళ్లిన ఇద్దరు పిల్లలు లెక్కలో ఉంటారు. పిల్లల తల్లిదండ్రులు పుణెలో ఏదో కట్టడం దగ్గర రేకుల షెడ్డులో ఉంటారు. అక్కడ లెక్క రాసే ఎన్యూమరేటరు ఆ షెడ్డు దాకా వెళ్తే అక్కడి జనాభాలో, వెళ్లకపోతే ఎక్కడా లేరు.

దీనికి ఎదురు పద్ధతి కూడా మనం చూశాం. 2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే పెట్టారు. పేరు లేకపోతే రేషన్ కార్డు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో అన్న టెన్షన్‌తో ఎక్కడెక్కడివాళ్లూ బస్సులు, రైళ్లు కిక్కిరిసి ఊళ్లకు వచ్చారు. తాళాలన్నీ తెరుచుకున్న రోజు అది. ఆ రోజు మీ ఊరి సంఖ్యకూ, 2011 ఫిబ్రవరి సంఖ్యకూ తేడా ఉందంటే ఆశ్చర్యం లేదు. రెండూ నిజమే. ఒకటి ఊళ్లో ఉన్నవాళ్లది, ఒకటి ఊరివాళ్లది.

ఇది ఉత్తుత్తి లెక్క కాదు, డబ్బుతో ముడిపడినది. స్థానిక సంస్థల గ్రాంట్లను రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు 15వ ఆర్థిక సంఘం జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం వెయిటేజీ పెట్టింది, జనాభా అంటే 2011దే. కింద పంచాయతీ దాకా వచ్చేసరికి కూడా తలల లెక్కదే పైచేయి. పని లేక జనం బయటికి పోయిన ఊరికి, పోయారు కాబట్టే డబ్బూ తగ్గితే అది ఆ ఊరికి రెండో దెబ్బ. నా మటుకు నాకు ఇది సరిదిద్దాల్సిన అన్యాయమే. వలస జిల్లాల్లో లెక్క వేసేటప్పుడు పోయినవాళ్ల సంఖ్యను పక్కన విడిగానైనా రాయాలి.

వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా 2025 జూన్‌లో నోటిఫై చేశారు. అంటే ఈసారీ ఫిబ్రవరి నెలే. మీ ఊరి యువకులు ఇప్పటినుంచే ఒక పని చేయొచ్చు. ఎవరెవరు ఏ పట్నంలో ఏ అడ్డా దగ్గర ఉంటున్నారో పేర్లు రాసి పెట్టుకుని, ఆ నెలలో ఫోన్ చేసి "అక్కడైనా మీ పేరు రాశారా" అని అడగండి. ఊళ్లో రాయించుకోలేకపోయినా మనిషి అసలంటూ లెక్కలో ఉండాలి కదా.

ప్రశ్న: మా ఊరు 850 హెక్టార్లని ఉంది. మాకు ఎకరాలు తప్ప తెలియదు. జనసాంద్రత ఎలా లెక్కగట్టాలి?

జవాబు: హెక్టారుకు 2.47 ఎకరాలు. 850 హెక్టార్లంటే సుమారు 2,100 ఎకరాలు. సాంద్రత కావాలంటే వంద హెక్టార్లు ఒక చదరపు కిలోమీటరు, కాబట్టి మీది 8.5 చదరపు కిలోమీటర్లు. జనాభాను దానితో భాగించండి. దాని కిందే నేల వాడకం పట్టిక ఉంటుంది, అడవి ఎంత, బంజరు ఎంత, బీడు ఎంత, నికరంగా విత్తినది ఎంత, అందులో నీరు పారేది ఎంత అని. ఊరి ఎండావానా తెలియాలంటే జనాభా కన్నా ముందు ఆ చివరి రెండు అంకెలు చూడండి. వెయ్యి ఎకరాలు విత్తి వంద ఎకరాలకు నీరున్న ఊరికీ, వెయ్యికి వెయ్యీ కాలువ కింద పారే ఊరికీ మనుషుల సంఖ్య ఒకటే అయినా బతుకు ఒకటి కాదు.

ప్రశ్న: మాది కోనసీమలో లంక గ్రామం. మా చిన్నప్పుడు కొబ్బరితోట ఉన్న చోట ఇప్పుడు గోదావరి పారుతోంది. రికార్డులో విస్తీర్ణం మాత్రం తగ్గలేదు. ఎందుకు?

జవాబు: ఎందుకంటే రికార్డు సర్వే జరిగిన రోజు నేలను చూపిస్తుంది, నది ఆ తర్వాత ఏం చేసిందో దానికి తెలియదు. వరద వచ్చిన ప్రతిసారీ గట్టు కింద ఇసుక పొర కొట్టుకుపోయి పైన మట్టి పెచ్చులుగా విరిగి పడుతుంది, తోటలో చివరి వరస చెట్లు వేళ్లతో సహా ముందుకు వాలిపోతాయి. ఆ సర్వే నంబరు నీళ్లలో ఉన్నా అడంగల్‌లో పట్టాదారు పేరు అలాగే ఉంటుంది. కొట్టుకుపోయిన మన్ను దిగువన ఇంకోచోట మేట వేసి కొత్త లంక లేస్తుంది, కానీ అది పోగొట్టుకున్న రైతుది కాదు, ఎవరు సాగు చేయాలన్నది ప్రభుత్వం చూస్తుంది. పోయిన నేల ఒకరిది, వచ్చిన నేల ఇంకొకరిది అయ్యేసరికి లంకల్లో తగాదాలు తెగవు. కాకినాడ దగ్గర ఉప్పాడ తీరంలో సముద్రం చేస్తున్నదీ ఇదే, అక్కడ వీధులకు వీధులే పోయాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు నుంచి భూముల రీసర్వే మొదలైంది కాబట్టి, మీ ఊరిది అయిందో లేదో కనుక్కుని, అయితే కొత్త విస్తీర్ణం అడిగి తీసుకోండి. పాత అంకెను కూడా జాగ్రత్త చేయండి. రెండింటి మధ్య తేడాయే నది తీసుకున్న నేలకు రుజువు అని గట్టిగా చెప్పలేం, కొలతల తేడాలూ ఉంటాయి. అయినా అడగడానికి చేతిలో కాగితం ఉండాలి.

ప్రశ్న: నిజామాబాద్ జిల్లాలో మా ఊళ్లో మగవాళ్ల కన్నా ఆడవాళ్లే ఎక్కువ అని లెక్కల్లో ఉంది. అంటే మా దగ్గర ఆడపిల్లల మీద వివక్ష లేనట్టే కదా?

జవాబు: అలా అనుకుంటే మోసపోతాం అమ్మా. 2011లో నిజామాబాద్ జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,040 మంది ఆడవాళ్లున్నారు. ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి అది 993. మీ జిల్లాలో ఎందుకు ఎక్కువంటే, ముఖ్యంగా మగవాళ్లు ఊళ్లో లేరు కాబట్టి. దుబాయ్, మస్కట్, సౌదీ వెళ్లినవాళ్లు ఇక్కడి లెక్కలో ఉండరు. వాళ్ల భార్యలు ఇంటి దగ్గర బీడీలు చుడుతూ పిల్లలను సాకుతున్నారు, వాళ్లు లెక్కలో ఉన్నారు.

ఆడపిల్ల సంగతి తెలియాలంటే ఏడేళ్లు నిండని పిల్లల అంకె చూడాలి, అది పక్కనే ఉంటుంది. అంత చిన్న పిల్లలు పనుల కోసం వలస పోరు కాబట్టి అది దాచకుండా చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లో వెయ్యి మంది మగపిల్లలకు 961 మంది ఆడపిల్లలుంటే, 2011కి 939కి పడిపోయింది. మొత్తం జనాభాలో నిష్పత్తి మెరుగవుతూ, పిల్లల్లో పడిపోయింది. స్కానింగ్ సెంటర్లు పల్లెలకు దగ్గరైన కాలం అది. మీ ఊరిది చిన్న సంఖ్య కాబట్టి ఒక్క ఏడాది అంకె మీద తీర్పు చెప్పొద్దు, నాలుగిళ్లలో వరసగా మగపిల్లలు పుట్టినా నిష్పత్తి మారిపోతుంది. 2001ది, 2011ది పక్కపక్కన పెట్టి, మండలం మొత్తానిదీ చూసి మాట్లాడండి.

ప్రశ్న: మా ఊరి అక్షరాస్యత నేను లెక్కేస్తే 52.8 వస్తోంది, పుస్తకంలో 60 శాతం అని ఉంది. ఏది కరెక్టు?

జవాబు: పుస్తకంలోదే. ఏడేళ్లు నిండనివాళ్లను అక్షరాస్యత లెక్కలో అసలు కలపరు. ఊళ్లో వెయ్యి మంది ఉండి, అందులో 120 మంది ఏడేళ్లు నిండని పిల్లలైతే, చదవను రాయను వచ్చిన 528 మందిని వెయ్యితో కాదు, 880తో భాగించాలి. అప్పుడు 60 వస్తుంది.

ప్రశ్న: 1971తో పోలిస్తే 1981కి మా ఊళ్లో గిరిజనుల సంఖ్య విపరీతంగా పెరిగింది. బయటినుంచి వచ్చారని ఊళ్లో అంటారు. నిజమేనా?

జవాబు: ఉత్తరంలో మీ ఊరు తెలంగాణలో ఉందని, పక్కన లంబాడా తండా ఉందని రాశారు. జవాబు అందులోనే ఉంది. 1976 చట్ట సవరణతో తెలంగాణ ప్రాంతపు లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. 1971లో అదే తండాలో అదే మనుషులున్నారు, ఎస్టీ కాలమ్‌లో లేరంతే. వలస వచ్చినవాళ్లు కొందరుండొచ్చు, కానీ అంత పెద్ద పెరుగుదలకు ముందు చూడాల్సిన కారణం ఇదే. అంకె పట్టుకుని పక్కవాళ్లను పరాయివాళ్లనే ముందు ఒకటికి రెండుసార్లు చూడాలి.

ప్రశ్న: మాది ఎటపాక ప్రాంతం. మా ఊరి పాత లెక్కలు ఏ జిల్లాలో వెతకాలి?

జవాబు: ఖమ్మంలో. 2011లో మీరు ఖమ్మం జిల్లా భద్రాచలం మండలం. 2014లో పోలవరం ముంపు కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని ఒక్కదాన్నే తెలంగాణలో ఉంచి చుట్టుపక్కల ఊళ్లను తూర్పు గోదావరికి ఇచ్చారు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మార్చారు. రాముడి గుడికి నడిచిపోయే దూరంలో ఉన్న ఊళ్లు వేరే రాష్ట్రంలో ఉండటానికి కారణం ఆ "రెవెన్యూ గ్రామం మినహా" అన్న మాటే, మొదటి ప్రశ్నలో చెప్పిన పొలిమేర గీత అక్కడ రాష్ట్ర సరిహద్దు అయి కూర్చుంది. ఇలా జిల్లాలు ఎన్నిసార్లు మారినా ఊరికి 2011లో ఇచ్చిన ఆరంకెల గ్రామ కోడ్ పట్టుకుంటే వెతకడం సులువు. కొత్తపల్లి, రామాపురం లాంటి పేర్లున్న ఊళ్లవాళ్లకు ఆ కోడే దిక్కు.

ప్రశ్న: మా మండలం పట్టికలో ఒక ఊరి జనాభా సున్నా అని ఉంది. అచ్చుతప్పా?

జవాబు: కాదు. పొలిమేర, సర్వే నంబర్లు ఉండి కాపురాలు లేని ఊరు. బేచిరాక్ గ్రామం అంటారు. దేశంలో 6 లక్షల 40 వేలకు పైగా ఉన్న గ్రామాల్లో 43 వేలకు పైగా ఇలాంటివే. కరువుకో, కలరాకో, చెరువు తెగో జనం ఎప్పుడో లేచిపోయి ఉంటారు. పొలాలు పక్క ఊరివాళ్లు చేసుకుంటూ ఉంటారు. వెళ్లి చూస్తే ఒక బురుజు ముక్కో, పాత బావో, ఏటా ఒకసారి పసుపు కుంకుమ పెట్టే బొడ్రాయో కనిపించవచ్చు.

ప్రశ్న: మాది మల్లన్నసాగర్ కింద పోయిన ఊరు. ఇప్పుడు గజ్వేల్ కాలనీలో ఉంటున్నాం. మా పిల్లలకు మా ఊరి వివరాలు చూపించాలంటే ఏం దొరుకుతాయి?

జవాబు: చాలా దొరుకుతాయి, వెతకండి. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లు 2011 లెక్కల్లో ఉమ్మడి మెదక్ జిల్లా కింద ఉన్నాయి. జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ రెండు భాగాల్లో ఉంటుంది. ఒకదానిలో ఊరి విస్తీర్ణం, బడి, తాగునీరు, బస్సు, నేల వాడకం ఉంటాయి. రెండోదానిలో జనాభా, కుటుంబాలు, చదువు, ఎవరు రైతులు, ఎవరు కూలీలు అన్నవి ఉంటాయి. రెండూ జనగణన శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడే అంతకుముందు దశాబ్దాల హ్యాండ్‌బుక్కులు కూడా స్కాన్ చేసి పెట్టారు. పాతవాటిలో ఊళ్ల పేర్లు ఇంగ్లీషులో మన నోటికి తెలియని స్పెల్లింగులో ఉంటాయి కాబట్టి పక్క ఊళ్ల పేర్ల వరుస పట్టుకుని వెతకండి.

ఇక 2027 లెక్కల్లో మీ ఊరివాళ్లను కాలనీ ఉన్న చోటే రాస్తారు. మీ ఊరి పేరు మీద మనుషుల లెక్క 2011తోనే ఆగింది. అందుకని పుస్తకంలో లేనిది మీరే రాసుకోవాలి, అదీ పెద్దవాళ్లున్నప్పుడే. నక్షా నకలు ఒకటి తెచ్చి గోడకు అంటించి, ఏ సర్వే నంబరు ఎవరిది, ఏ బావి ఎవరు తవ్వించారు, పోచమ్మ గుడి ఏ గట్టు మీద ఉండేది, ఏ బాట ఎటు పోయేది అని వాళ్లను కూర్చోబెట్టి అడిగి పెన్సిలుతో గుర్తులు పెట్టించండి. అది పూర్తయ్యాక ఫొటో తీసి పంపితే ఇదే పేజీలో వేస్తాం.